ఏడు రూపాయల అవతల మా ఆయన

మా ధర్మవరంలో యాత్ర అంటే కాశీ, తిరుమల, చేతకాకపోతే పుట్టపర్తి. నేను మోపెడ్ మీద పోయి పెట్రోలు బంకు చూసొచ్చాను. దారిలో ఒక దర్గా, ఒక మూతపడ్డ బంకు, సీసాల్లో పెట్రోలు అమ్మే ఒక ఆడమనిషి కూడా దర్శనమయ్యారు. మీరెవరూ ఆ దిక్కుకు ఇలాంటి పని మీద పోయి ఉండరు. అందుకే రాస్తున్నాను.

మా వీధిలో ఆడవాళ్లు పొద్దున్నే ఫోను తీస్తే బంగారం ధర చూస్తారు. మగ్గం వాళ్లు పట్టు ధర చూస్తారు. నేను పెట్రోలు ధర చూస్తాను. ముందు మన ఊరిది, తరువాత కర్ణాటకది. పెద్దదానిలోంచి చిన్నదాన్ని తీసేస్తాను. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను కానీ తీసివేతలు అప్పటికే నేర్పేశారు, పుణ్యాత్ములు. తేడా ఏడు రూపాయలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ తేడా పోయిన రోజు మా ఆయన ఇంటికొస్తాడు.

ఆయన ఇంతకు ముందు చెన్నేకొత్తపల్లి దగ్గర, పెద్ద రోడ్డు మీద ఒక బంకులో డీజిలు పోసేవాడు. పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేవాడు. రాగానే నేను నేసినంత మేర చూసి, "ఈ పొద్దు నోరు ఎక్కువ ఆడినట్టుండాది, చెయ్యి తక్కువ ఆడింది" అనేవాడు. ఇంతలో బెంగళూరు నుంచి వచ్చే లారీలు తెలివి మీరాయి. కర్ణాటక దాటకముందే ట్యాంకులు నింపుకుని, మన బంకుల ముందు హారను కొట్టుకుంటూ పోవడం మొదలుపెట్టాయి. ఒకరోజు ఓనరు బంకుకు గొలుసు కట్టేశాడు. గిరాకీ ఎటు పోయిందో మా ఆయనా అటే పోయాడు. హిందూపురం దాటి, సరిహద్దు దాటి, అవతలి బంకులో చేరాడు. నెలకొకసారి వస్తాడు. ఒక రోజు ఉంటాడు. ఆ రోజులో సగం నిద్రపోతాడు.

పోయినసారి వచ్చినప్పుడు నేను నేస్తూ ఉంటే మగ్గం చుట్టూ రెండు మార్లు తిరిగాడు. మాది గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు దించి, నేలమట్టానికి కూర్చుని నేస్తాం. ఆయన దారం ముక్క ఒకటి తీసుకుని ఆ గుంత పొడవు, వెడల్పు కొలిచాడు.

"ఏమయ్యా, నన్ను ఇందులోనే పూడ్చాలనా?" అన్నాను.

నవ్వి, దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

తరువాత ఒకరోజు ఫోను చేశాడు. "ఓనరు బంకు వెనక రూము ఇస్తానంటాండాడు. సంసారం తెచ్చుకోమంటాడు. ఆదివారం లోపల చెప్పాలంట, లేకుంటే ఇంకొకరికి ఇస్తాడు. ఏం చెప్పమంటావు?"

"ఏమీ చెప్పొద్దు. నేనే వస్తాండా."

"నువ్వా? ఎట్లొస్తావు?"

"విమానంలో. బంకు మీద దిగుతా. పైన రేకులు గట్టిగా ఉండాయో లేదో చూసిపెట్టు."

నవ్వైతే నవ్వాను కానీ లోపల గుబులుగా ఉంది. మగ్గాన్ని విప్పి బండిలో వేసుకోవచ్చు. గుంతను ఎత్తుకుని పోలేను కదా. మగ్గం వదిలేసి నేను పోతే పొద్దంతా బంకు వెనక కూర్చుని లారీలు లెక్కబెట్టుకోవాలి. కాబట్టి ఆయన్నే వెనక్కి తెచ్చుకోవాలి. చెన్నేకొత్తపల్లి బంకు మళ్లీ తెరుస్తారట అని మా వీధిలో ఎవరో అన్నారు. ఆ మాటను కొంగున ముడేసుకుని శుక్రవారం పొద్దున బయలుదేరాను.

ధర్మవరం దాటేముందు

కర్ణాటక వైపు పోయేవాళ్లు ఇక్కడ ట్యాంకు నింపుకోరు. అది మా దగ్గర ఆచారం లాంటిది. అక్కడ చౌక కాబట్టి, అక్కడికి పోయేసరికి ట్యాంకు ఎంత ఖాళీగా ఉంటే అంత లాభం. బంకులో పోసే అతను కూడా ఆ మాటే అన్నాడు.

"యాడికక్కా?"

"హిందూపురం అవతలికి."

"అట్లయితే రెండు లీటర్లు సాలు. ఊరికే ఈడ ఏంటికి పోయించుకుంటావు?"

తన బంకులో తక్కువ పోయించుకోమని చెప్పే మనిషిని అమ్ముకునేవాడు అనాలా, చుట్టం అనాలా? సరే, పెనుకొండలో ధర ఎంత ఉంటుందని అడిగాను. పైసల్లో తేడా అన్నాడు. ట్యాంకరు డిపో నుంచి ఎంత దూరం పరుగెత్తితే అంత బాడుగ కలుస్తుందట. ఒకే రాష్ట్రంలో ఊరికీ ఊరికీ మధ్య తేడా అంతేనట. నాకు పైసలతో పేచీ లేదు. పైసలు ఎవరి మొగుణ్నీ తీసుకుపోలేదు.

చెన్నేకొత్తపల్లి

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టే ఈ ఉగ్గాని తినని వాళ్లు ఉంటారని మా ఆయన అవతలికి పోయాకే నాకు తెలిసింది. అక్కడ పొద్దున్నే చిత్రాన్నం అట, పక్కన బజ్జీ కూడా ఉండదట. "నోట్లో చప్పుడు లేని టిఫిను" అన్నాడు ఫోనులో, దిగులుగా.

బంకు ఊరు దాటాక ఉంది. గొలుసు అట్లాగే ఉంది. లోపల పైపులు రెండూ మెడలు వంచుకుని వేలాడుతున్నాయి. ఎత్తున బోర్డు మీద పాత ధర ఇంకా అలాగే ఉంది. ఇప్పటి ధరకు దానికి పొంతన లేదు. ఆ అంకెలు ఎక్కించింది మా ఆయనే అయి ఉంటాడు. నిచ్చెన ఎక్కడమంటే ఆయనకు సరదా. నేను బండి దిగి కాసేపు ఆ అంకెల వైపే చూస్తూ నిలబడ్డాను. తొమ్మిది అంకె కాస్త వంకరగా ఉంది. ఆయన ఏది తగిలించినా వంకరే. మా ఇంట్లో గోడగడియారం కూడా అంతే.

కాపలా తాత ఒకాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏమ్మా, పెట్రోలా? లేదు ఈడ."

"తెలుసు తాతా. మళ్లీ తెరుస్తారంట కదా?"

"ఎవరు చెప్పిండేది?"

"మా వీధిలో చెప్పుకుంటాండారు."

"మీ వీధిలోనే తెరవమని చెప్పు అట్లయితే." తాత నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. "అవతలా ఇవతలా రేటు ఒకటైతే తెరుస్తాడంట ఓనరు. లారీవాళ్లు నా మొహం చూసి ఆగుతారా?"

కొంగు ముడి అక్కడే విప్పుకున్నాను. ఇక ఆయన్ని దేనికి రమ్మని పిలవాలో తెలియలేదు. వెనక్కి తిరగడానికి మాత్రం మనసు రాలేదు.

పెనుకొండ

మా చెల్లెలు సరోజ పెనుకొండలో ఉంటుంది. కొండ కింద సందుల్లో ఆమె ఇల్లు వెతుక్కోవడానికే సగం పెట్రోలు అయిపోయినట్టుంది. అత్త పోరు పడలేక ఈ మధ్యే వేరుకాపురం పెట్టింది. గుర్తు అడిగితే "కోట గోడ పక్కన" అంది. పెనుకొండలో కోట గోడ పక్కన కానిది ఏముందో ఆమెకే తెలియాలి.

సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. తింటూ సంగతి చెప్పాను. సరోజ ఏడ్చే రకం. నేను నవ్వించే రకం. ఆమె ఏడవబోతే నేను నవ్వించి, నేను ఏడవబోతే ఆమె ఏడ్చేసి, పొయ్యి మీద కూర అడుగంటింది.

"దర్గాకు పోయి మొక్కుకో అక్కా. అన్నీ అవుతాయి," అంది.

సాయంత్రం పోయాను. మా వైపు దర్గాకు పోవడానికి తురకలే కానక్కర్లేదు. పూలు, చక్కెర పట్టుకుని నాలాంటి వాళ్లు పది మంది ఉన్నారు. నెమలీకల కట్టతో తల మీద తట్టే పెద్దాయన నన్ను చూసి అడిగాడు.

"ఏం కోరిక తల్లీ? బిడ్డలా, ఉద్యోగమా?"

"పెట్రోలు తాతా."

ఆయన చేతిలో నెమలీకలు గాల్లోనే ఆగిపోయాయి. "పెట్రోలా?"

"మన రేటూ కర్ణాటక రేటూ ఒకటి కావాల. మనది తగ్గినా సరే. మనది తగ్గించడం స్వామికి కూడా కష్టమంటే, వాళ్లదే పెంచమను. నాకు ఎట్లైనా ఒకటే."

పక్కనున్న వాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "అవతలివాళ్లకు కష్టం రావాలని మొక్కకూడదు తల్లీ," అన్నాడు. తరువాత మెల్లగా, "ఎవరుండారు ఆడ?" అని అడిగాడు.

"మా ఆయన," అన్నాను, చేతిలో పూలు సర్దుకుంటూ. పెద్దాయన నా తల మీద తట్టి, గుప్పెడు చక్కెర చేతిలో పోశాడు. "పన్ను వేసే చెయ్యి ఇక్కడొకటి, అక్కడొకటి. అందుకే తేడా. రెండు చేతులకూ బుద్ధి పుట్టాలని నేను కూడా అడుగుతాలే," అన్నాడు.

సందులోకి తిరిగొస్తూ ఆ మాటే ఆలోచించాను. మాకు తెలియని సంగతి కాదు. నా మగ్గం మీద దిగిన చీరే బెంగళూరు అంగట్లో అద్దాల వెనకకు చేరితే ధర మారిపోతుంది. పోగులు అవే, జరీ అదే. మధ్యలో చేతులు మారాయి. పెట్రోలుకు కూడా అంతే అనుకుంటే కోపం కాస్త తగ్గింది. మనిషి మీద బెంగ మాత్రం తగ్గలేదు.

హిందూపురం

శనివారం పొద్దున్నే సోమందేపల్లి మీదుగా హిందూపురం చేరాను. బజారులో ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ములు. బెల్లం అచ్చు ఒకటి కొన్నాను, ఆయనకు బెల్లం టీ ఇష్టం. అంగడాయన "దుడ్లు చిల్లర ఇయ్యమ్మా" అన్నాడు. సగం మాట తెలుగు, సగం కన్నడం. ఈ ఊళ్లో బోర్డులు తెలుగే కానీ నోళ్లు అప్పటికే సరిహద్దు దాటేశాయి. బండ్లు కూడా దాటుతున్నాయి. పొద్దున్నే ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్లు, పాలక్యాన్లవాళ్లు, వరుసగా ఒకే దిక్కుకు. పని మీద అనుకున్నాను. కాదు, పెట్రోలు మీద.

నా ట్యాంకులో ముల్లు అడుగున పడుకుని ఉంది. ఇంకా ఎంతో దూరం లేదు కదా అనుకున్నాను. ఇక్కడ పోయించుకుంటే నన్ను చూసి ధర్మవరం బంకు అతను కూడా నవ్వుతాడు.

సరిహద్దు ఇవతల

బండి రెండు మార్లు దగ్గి ఆగిపోయింది. తోసుకుంటూ పోతే చింతచెట్టు కింద ఒక రేకుల అంగడి కనిపించింది. బిస్కెట్లు, సోడాలు, సోడాల వెనక సోడా కాని సీసాలు. తలకు ముసుగేసుకున్న ఆమె పిలిచింది.

"బండి ఆగిపోయిందా అక్కా?"

"లేదమ్మా, దానికి అలుపుగా ఉండాదంట. నడిపించుకుని పోతాండా."

పకపకా నవ్వింది. పేరు ఖాజాబీ. నాది ధర్మవరమని చెప్పాను. "రా కూర్చో. ధర్మవరం, పెనుకొండ, గోరంట్ల, యాడ నుంచి వచ్చే బండైనా ఈడికే వచ్చి ఆగుతాది. అందరూ కొంచెం కొంచెం పోయించుకుని వస్తారు. మొదట్లో అంగడి ఊర్లో పెట్టుకుంటి. ఒక్క బండీ ఆగల్యా. అప్పుడు బండ్లు యాడ ఆగుతాయో చూసి ఈడికి మార్చుకున్యా."

ఆమె అవతల తన బండి ట్యాంకు నింపుకొచ్చి, ఇంట్లో పైపుతో తీసి సీసాల్లో పోస్తుంది. మన ధర కంటే మూడు తక్కువ, వాళ్ల ధర కంటే నాలుగు ఎక్కువ. సరిగ్గా రెండు రాష్ట్రాల మధ్య కూర్చుంది తల్లి.

"మంచిదేనా పెట్రోలు?" అని అడిగాను.

"ఆడ బంకులో ధర్మవరం అన్న ఉండాడు. చుక్క తక్కువ పొయ్యడు. నీదీ ధర్మవరమేనంటివే, తెలుసా ఆయన?"

"ఎవరో, యాడో విన్నట్టే ఉండాది," అన్నాను.

"ఆయన పెండ్లాం చీరలు నేస్తాదంట. బో మాటకారి అంట. గిరాకీ లేనప్పుడు పోతే ఆయమ్మ మాటలే చెప్తాడు. ఆయమ్మ ఏమన్నిందీ, ఈయన ఏమన్నిందీ. చెప్పిందే చెప్తాడు, మేమూ విన్నిందే ఇంటాం. 'ఈడ రాత్రంతా లారీల మోత ఉండాది ఖాజాబీ, అయినా నాకు చెవులు ఖాళీగా ఉంటాయి' అంటాడు."

సీసా నా చేతిలో ఉంది. ట్యాంకు మూత ఎటు తిరుగుతుందో మరిచిపోయాను.

"ఆ మాటకారి నేనేనమ్మా," అన్నాను చివరికి.

ఖాజాబీ ముసుగు కొస నోటికి అడ్డం పెట్టుకుంది. "అల్లా! ముందే చెప్పకూడదా! అట్లైతే బిరీన పో అక్కా. రూము కడిగి పెట్టుకుండాడు ఆయన. నిన్ననే నా దగ్గర చీపురు ఇప్పించుకుని పోయినాడు."

సీసా ట్యాంకులో ఒంపేశాను. కడిగి పెట్టుకున్నాడంటే ఓనరుకు సరే అని చెప్పేసినట్టే కదా.

బంకు

అవతల బోర్డుల మీద కూడా అక్షరాలు గుండ్రంగానే ఉంటాయి, తలకట్లు మారుతాయి, అంతే. కన్నడ బోర్డు దాటిన కాసేపటికే బంకు. తిరునాళ్ల లాగా ఉంది. సగం బండ్లు మన నంబర్లవే. నేనూ వరుసలో నిలబడ్డాను.

మా ఆయన టోపీ పెట్టుకుని ఉన్నాడు. చిక్కిపోయాడు. బంకులో పోసేవాళ్లు మనుషుల మొహాలు చూడరు, ట్యాంకులు చూస్తారు. నా వంతు వచ్చింది. తల ఎత్తకుండానే "ఎష్టు? జీరో నోడి" అన్నాడు, ఎంత, సున్నా చూసుకోమని కన్నడంలో.

"ఏడు రూపాయలకు పొయ్యి," అన్నాను.

పైపు పట్టుకున్న చెయ్యి ఆగింది. తల ఎత్తాడు. వెనకనున్న బండ్లు హారన్లు కొడుతున్నాయి. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాం.

"రేకుల మీద దిగుతానంటివే?" అన్నాడు.

తోటివాణ్ని నిలబెట్టి నన్ను పక్క హోటలుకు తీసుకుపోయాడు. రాగి ముద్ద, సొప్పు సారు అనే ఆకుకూర పులుసు. రాగిపిండి అదే కానీ మన సంగటిలో లాగా అన్నం మెతుకులు ఉండవు. నమలకూడదట, మింగాలట. "ఇన్ని నెలలైనా నాకు నమలడమే వస్తాండాది," అన్నాడు. మాటలన్నీ నేనే మాట్లాడాను, ఆయన వింటూ తిన్నాడు. రూము మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

చేతులు కడుక్కున్నాక "రా, చూపిస్తా" అన్నాడు.

మంచి రూము. కొత్త సున్నం, కొళాయి, వెలుతురు వచ్చే కిటికీ. కిటికీ పక్కన నేల మీద సుద్దముక్కతో పొడుగ్గా ఒక గీత గీసి ఉంది, నాలుగు మూలలూ కలిపి. చూడగానే నాకు తెలిసిపోయింది. రోజూ కాళ్లు దించి కూర్చునే చోటు ఎవరికి తెలియదు?

"గుంత," అన్నాను.

జేబులోంచి దారం తీశాడు. పోయినసారి చుట్టి పెట్టుకున్నదే. "వెలుతురు ఎడమ పక్క నుంచి పడేట్టు గీసినా. నీకు అట్లే కదా అలవాటు."

"మరి తవ్వించలేదేం?"

"ఓనరు ఒప్పుకోల్యా. ఈ నేల కింద ట్యాంకుల పైపులు పోతాండాయంట. గుంత కాదు, మేకు కూడా దించొద్దంటాడు. పార తగిలితే నువ్వూ నేనూ మగ్గమూ కలిసి విమానం లేకుండానే ధర్మవరం చేరుతామంట." నవ్వబోయాడు. "నిన్న సాయంత్రమే చెప్పినాడు. అప్పటికే కడిగేసినా."

ఇంటికి రమ్మని పిలవడానికి పోయిన మనిషిని నేను. గీత పక్కన కూర్చున్నాను. ఆయనా కూర్చున్నాడు.

"చెన్నేకొత్తపల్లి బంకుకు గొలుసు అట్లే ఉండాది," అన్నాను.

"తెలుసు. బస్సులో పోయినప్పుడల్లా చూస్తా."

"తొమ్మిది వంకరగా తగిలించినావు."

"నువ్వు చూస్తావని తెలిస్తే సరిగ్గా పెట్టుండేవాణ్ని." దారం మళ్లీ చుట్టుకుంటూ, "మగ్గం వదిలేసి రమ్మని నేను అడగనే," అన్నాడు. "రేట్లు ఒకటైన రోజు చెప్పు. పోస్తాండే పైపు ఆడ్నే వదిలేసి వస్తా."

"పైపు వదిలేస్తే నేలపాలు అవుతాది. మూసేసి రా."

ఆదివారం పొద్దున ఆయన ఓనరుకు వద్దని చెప్పాడు. రూము ఎవరో వేరే వాళ్లకు పోయింది. తడిగుడ్డతో సుద్దగీత తనే తుడిచాడు. ఒక మూల సరిగా పోలేదు. నేను చెప్పలేదు.

బయలుదేరేముందు నా బండిని తనే తోసుకొచ్చి పైపు దగ్గర పెట్టాడు. నేను "రెండు లీటర్లు" అన్నాను. ఆయన వినలేదు. మూతి దాకా పోస్తూనే ఉన్నాడు.

"పోయేదానికి రెండు సాలు కదయ్యా!"

"మిగిలిండేది వచ్చేదానికి," అన్నాడు. "నెలలో ఒక మారు నేను వస్తా. ఒక మారు నువ్వు రా."

మళ్లీ ధర్మవరం

వచ్చేటప్పుడు ఎక్కడా ఆగలేదు. ఖాజాబీ అంగడి ముందు మాత్రం హారను కొట్టాను. ఆమె చీపురు ఊపింది. ఆయన తిరిగి ఇచ్చేసినట్టున్నాడు.

ఇప్పుడు బండి వాకిట్లో ఉంది. నేను సంతకు నడిచి పోతున్నాను. పట్టు కొట్టుకూ నడిచే పోతున్నాను. మొన్న పక్కింటి రామక్క కొడుకు స్టేషనుకు పోవాలని బండి అడిగాడు. "పెట్రోలు లేదు నాయనా" అన్నాను. వాడు బండిని కదిపి చూశాడు. లోపల గలగల వినిపించింది. "నిండా ఉండాదే!" అన్నాడు. "అది నాది కాదు" అన్నాను. వాడికి అర్థం కాలేదు, ఆటోలో పోయాడు.

పొద్దున్నే ఫోను తీసి తీసివేత చేస్తున్నాను. తేడా ఇంకా ఏడు దగ్గరే ఉంది. సాయంత్రం నేత ఆపాక ట్యాంకు మూత తీసి చూస్తున్నాను. రామక్క, నేను దొంగల కోసం చూస్తున్నానని అనుకుంటోంది. తగ్గిందేమో అని చూస్తాను, నిజమే. కానీ మూత తీయగానే ఆయన చొక్కా వాసన వస్తుంది. ఎక్కువసేపు తీసి ఉంచకూడదు. గాలికి ఆవిరైపోతే దారిలో తక్కువ పడుతుంది. గట్టిగా బిగించి, లోపలికొచ్చి, మళ్లీ గుంతలోకి కాళ్లు దించుతాను.